దాని దోవన అదే వస్తుంది

కాలేజీ వార్షికోత్సవంలో కోలాటానికి లంగా పిక్కల దాకా ఎత్తి కట్టాలన్నారు. ముందురోజు రాత్రి హాస్టల్ బాత్రూమ్‌లో, సబ్బు నురగైనా లేకుండా, పాత రేజరుతో కాళ్ళు గీసేసుకున్నాను. అదీ కింది నుంచి పైకి. నున్నగా వచ్చిందని సంబరపడ్డాను.

మూడో రోజుకి పిక్కల నిండా ఎర్రటి పొక్కులు. ఒకదాంట్లో వెంట్రుక నల్లగా చుట్ట చుట్టుకుని కనిపిస్తోంది. పిన్నీసుతో కెలికాను. వెంట్రుక రాలేదు, మర్నాటికి చీము పట్టింది. ఎవరికీ చెప్పలేదు. సెలవులకి హోసూరు వెళ్ళినా సాక్సు తీయలేదు.

అవ్వే కనిపెట్టింది. "ఏమే, ఇంట్లో సాక్సులెందుకే?" అంది. చూపించాను. తిట్టలేదు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ రోజుకి మూడుసార్లు, పదేసి నిమిషాలు అద్దింది. "గిల్లొద్దు. వెంట్రుక దాని దోవన అదే వస్తుంది" అంది.

చీము పట్టినదాన్ని మాత్రం డాక్టరమ్మకి చూపించాం. కోసిన వెంట్రుక కొన వాడిగా ఉంటుందట, వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుందట. తగ్గేదాకా రేజరు ముట్టొద్దన్నారు. ఆ తర్వాత గీసుకోవాలనుకుంటే చర్మం బాగా తడిపి, నురగ రాసి, కొత్త బ్లేడుతో, వెంట్రుక పెరిగే వైపుకే గీసుకోవాలి.

పొక్కులు తగ్గాయి, మచ్చలు ఇంకా ఉన్నాయి. నిజం చెప్పాలంటే, కోలాటం రోజు నా కాళ్ళ వైపు ఎవరూ చూడనేలేదు!

నిన్న పక్క గది అమ్మాయి ఎండలో కూడా సాక్సులతో కనిపించింది. అందుకే ఇది రాశాను. గీసుకున్నా, వదిలేసినా మన ఇష్టం. పిన్నీసు మాత్రం వద్దు. దాచుకోనూ వద్దు.