గౌరవం సరే, వేతనం ఏదీ?

మన తెలుగులో ఓ తమాషా మాట ఉంది. ‘గౌరవ వేతనం’! జీతం అని చెప్పుకోడానికి సిగ్గుపడేంత తక్కువగా ఉంటే, దాని మెడలో ‘గౌరవం’ అని ఓ పూలదండ వేస్తారు. ఫిలిం క్లబ్బుల్లో, నాటక సమాజాల్లో, సంగీత సభల్లో ఆఫీసు పని చేసేవాళ్లకి ఈ దండలు అలవాటే.

ఆదివారం సాయంత్రం మీరు ఫిలిం క్లబ్బుకి వెళ్లి ఓ ఇరాన్ చిత్రమో, బెంగాలీ చిత్రమో చూసి వస్తారు. ఆ బొమ్మ తెరమీద పడటానికి ముందు ఎంత తతంగమో తెలుసా? హక్కులెవరివో వెతికి అనుమతి అడగాలి. హాలు మాట్లాడాలి. చందాలు వసూలు చెయ్యాలి. ఆడిటరుకి లెక్కలు చూపాలి. ప్రొజెక్టరు మొరాయిస్తే మెకానిక్కుని బతిమాలాలి. ఇదంతా చేసే మనిషి పేరు ఏ టైటిల్స్‌లోనూ ఉండదు!

నాకు తెలిసిన ఒక క్లబ్బులో ఈ పనులన్నీ ఒకే పెద్దమనిషి 19 ఏళ్లు చేశారు. సినిమాల గురించి నాకు ఏ సందేహమొచ్చినా ఆయన్నే అడిగేవాణ్ణి. చివరి నెల ఆయన చేతికొచ్చింది 14,000 రూపాయలు!

కమిటీవాళ్లు దుర్మార్గులు కారు. అలవాటు అలాంటిది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిలిం సొసైటీ పెట్టేనాటికి రాయ్‌గారికి పగలు అడ్వర్టయిజింగ్ కంపెనీలో ఉద్యోగముంది. సొసైటీ పని ఇష్టంకొద్దీ చేసేదే. 1959లో ఆయన అధ్యక్షుడుగా ఫెడరేషన్ ఏర్పడింది. అన్నం ఇంకోచోట దొరికేవాళ్లు వేసిన బాట ఇది. అన్నం ఇక్కడే వెతుక్కోవలసినవాడి గతేమిటి?

దాతలూ అంతే. ఉత్సవానికి డబ్బిస్తే బ్యానరు మీద పేరు పడుతుంది. ఆఫీసు మనిషి జీతం మీద ఎవరి పేరు పడుతుంది?

పుణేలో 1964లో ప్రభుత్వం పెట్టిన ఫిలిం ఆర్కైవ్ కథ వేరు. అక్కడ పి.కె. నాయర్‌గారు 1991లో రిటైరయ్యేదాకా పనిచేసి, ఫాల్కే చిత్రాలతో సహా ఎన్నిటినో వెదికి భద్రపరిచారు. సినిమా మీద ప్రేమ ఆయనకీ ఉంది. దానికి తోడు ఒకటో తారీకూ ఉంది!

మన పెద్దమనిషి పోయిన ఏడాది, పెళ్లిళ్లకి లైట్లూ తెరలూ అమర్చే కంపెనీలో చేరిపోయారు. కూతురి కాలేజీ ఫీజు కట్టాలి కదా! ఏ నిర్మాత వారసులు ఏ ఊళ్లో ఉన్నారో, ఏ ప్రింటు ఎక్కడ మూలుగుతోందో, ఆ ఎరుకంతా ఆయనతోనే పోయింది. క్లబ్బులో నాలుగు నెలలు బొమ్మ లేదు.

అప్పుడు నాకు కబురొచ్చింది.

“నువ్వే రావాలోయ్! సినిమా అంటే నీకు ప్రాణం కదా!”

“ప్రాణమేనండీ. జీతమెంతండీ?”

“జీతమేమిటయ్యా, మనది సేవ!”

“హాలువాళ్లు అద్దె పుచ్చుకోవడం లేదాండీ?” అన్నాను. అందరూ నవ్వారు. జవాబు మాత్రం ఇంతవరకూ రాలేదు. కాగితం మీద ‘జీతం’ అని రాసిస్తే చేరడానికి నేను సిద్ధమే.

యువ పాఠకులారా! మీ ఊళ్లో క్లబ్బు ఉంటే వార్షిక సమావేశానికి తప్పకుండా వెళ్లండి. లెక్కల కాగితం అడగండి. హాలుకెంత, పూలదండలకెంత, ఆఫీసు మనిషికెంత అని చూడండి. అవసరమైతే చందా ఇంకో యాభై పెంచమని మీరే చెయ్యెత్తండి. ఓ సమోసా, ఓ టీ మానేస్తే సరిపోయే డబ్బు అది!