చిన్న పడవ లెక్క వేరు

పెద్ద పడవలో సగం ఉండే పడవ సగం మందిని మోస్తుందని నేను లెక్కేసుకున్నాను. ఆ లెక్క తప్పని తెలిసేసరికి మా చెల్లె పిల్లలు మిడ్ మానేరు నీళ్ళల్లో ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ సిరిసిల్ల వైపు రెండో పడవ కొందామని నన్ను అడిగేవాళ్ళు ఈ మధ్య పెరిగారు కాబట్టి, జరిగింది దాచుకోకుండా చెప్పాలనిపించింది.

మా దిక్కు ఒకప్పుడు సొంత పడవ అన్న ఆలోచనే తక్కువ. చెరువులో వల వేయడానికి థర్మాకోల్ తెప్పో, గాలి నింపిన లారీ ట్యూబో సరిపోయేది. 2019లో మన్వాడ దగ్గర మిడ్ మానేరు కట్ట వెనక నీళ్ళు నిలిచాక సంగతి మారిపోయింది. 27.5 టీఎంసీలు పట్టే జలాశయం అది. కొడిముంజ, చీర్లవంచ, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్ళ ఇండ్లు, పొలాలు ఆ నీటి కింద ఉన్నాయి. అంత వెడల్పు నీటి మీద గాలికి అడ్డం లేదు. చెరువులో పుట్టే అల వేరు, అక్కడ పుట్టే అల వేరు. తెప్పలతో ఆ నడుమకు పోలేమని అందరికీ త్వరలోనే అర్థమైంది.

దుబాయ్‌లో కూడబెట్టిన డబ్బుకు బావ డబ్బు కలిపి పెద్ద ఫైబర్ పడవ, మోటారు తీసుకున్నాం. వల పనికి అది మంచి పడవ, దాని మీద నాకు ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు. అయితే దాన్ని ఒడ్డు నుంచి కదిలించాలంటే నలుగురు కావాలి. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే బురదలో ఎక్కడో దూరంగా ఉండిపోతుంది. ఆదివారం పూట పిల్లలతో కాసేపు తిరిగి వద్దామంటే దాన్ని తీయబుద్ధి కాదు. అందుకే చిన్నది ఒకటి ఉంటే బాగుండు అనుకున్నాను. దానితో సాయంత్రాలు ఒడ్డు వెంట తిరగాలి, ట్రాలీ ఆటోలో వేసుకొని కోరుట్లలో అత్తగారింటికి పోయినప్పుడు అక్కడి చెరువులో దింపాలి, బీర్‌పూర్ దగ్గర రోళ్ళవాగు చూడాలి, చుట్టాలొస్తే వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయ స్వామి దర్శనానికి తీసుకుపోవాలి. ఆ గుడి చుట్టూ ఇప్పుడు నీళ్ళే, పడవ మీదే పోవాలి. ఈ పనులన్నీ ఒక్క చిన్న పడవ చేస్తుందనుకోవడమే నా మొదటి తప్పు.

రెండో తప్పు పడవను చూసి మురిసిపోవడం. మా పెద్ద పడవకు తమ్ముడిలా ఉంది అది. అదే రంగు, అదే కోసు ముక్కు, వెనక మోటారు బిగించే పలక. మా కాక దాని చుట్టూ ఒకసారి తిరిగి, అంచు మీద చెయ్యి వేసి కిందికి నొక్కి, "ఇది ఒక్కని పడవరా. నలుగురు ఎక్కితే నీళ్ళే ఎక్కుతయ్" అన్నాడు. జీవితమంతా మానేరు మీద బతికిన మనిషి. ఆయన మాట పక్కనబెట్టి బయానా ఇచ్చాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే నన్ను మోసం చేసింది కంటి అంచనా. ఇరవై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉన్న పడవను తీసుకోండి. అన్నీ సగం చేస్తే పది, మూడు, ఒకటింబావు. మోసే బరువు మాత్రం సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పెద్దది పదహారు మందిని మోస్తే చిన్నది మోసేది ఇద్దరినే. ఇక ఒరిగిపోకుండా నిలబడే శక్తి వెడల్పు మీద ఇంకా గట్టిగా ఆధారపడి ఉంటుంది. పొడవు అంతే ఉంచి వెడల్పు ఒక్కటి సగం చేసినా ఆ నిలకడ ఎనిమిదో వంతే మిగులుతుంది. పడవ చిన్నదైనా ఎక్కే మనిషి చిన్నవాడు కాడు. అతను లేచి నిలబడితే పెద్ద పడవకు తెలియను కూడా తెలియదు, చిన్న పడవ పక్కకు పడుతుంది. నాది సరిగ్గా సగం కాదు, కొంచెం పెద్దదే. అయినా వరదవెల్లి దర్శనానికి బయలుదేరిన రోజు మోటారు పాతిక ముప్పై కిలోలు, పెట్రోలు డబ్బా, వెనక కూర్చున్న నేను, మధ్యలో చెల్లె, ముందు ఇద్దరు పిల్లలు. ఒడ్డున ఉండగానే వెనక అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంది. చూశాను. చూసి కూడా బయలుదేరాను.

దర్శనం బాగానే అయింది. తిరుగు దారిలో పడమటి నుంచి గాలి లేచింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మా దగ్గర గాలిదుమారం చెప్పి రాదు. త్వరగా ఒడ్డు చేరాలని దగ్గరి దారి పట్టాను. మునిగిన ఊరి మీదుగా పోయే దారి అది. నీళ్ళు తగ్గి ఉన్నాయి, కింద తాటి మొద్దులున్నాయి. పంకా దేనికో తగిలి పిన్ను తెగిపోయింది. మోటారు తిరుగుతోంది, పడవ కదలడం లేదు. ముక్కు అలకు ఎదురుగా ఉన్నంతసేపు పడవ నిలుస్తుంది. అడ్డం తిరిగిందంటే ప్రతి అలా లోపలికే. మాది అడ్డం తిరిగింది. పాదాలు మునిగేసరికి పెద్ద పిల్లవాడు భయపడి లేచాడు, లోపలి నీళ్ళన్నీ అతని వైపుకు పరుగెత్తాయి, ఆ అంచు మునిగింది. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో. పడవలో చేరిన నీళ్ళు బరువు మాత్రమే కాదు, ఒరిగిన వైపుకే జరిగే బరువు.

లైఫ్ జాకెట్లు మాకున్నాయి, ఒడ్డున పెద్ద పడవలో ఉన్నాయి. దగ్గరే కదా అని తీయలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు జాకెట్ల గురించి మా సొసైటీలో అందరికీ చెప్పినవాణ్ణి నేనే. మా పడవ మునిగిన రోజు దగ్గర్లో వల తీస్తున్నవాళ్ళు చూసి వచ్చి మమ్మల్నందరినీ పైకి లాగారు. మా చెల్లె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఆ పడవను అలాగే ఇంకొకరికి అంటగట్టడానికి మనసొప్పలేదు. మోటారు పలక కోయించి, ఒక్కరే తెడ్డుతో వాడుకోవాలని చెప్పి తక్కువకు ఇచ్చేశాను. తర్వాత తొందరపడలేదు. పుట్టి ఎక్కి చూశాను. నెత్తి మీద మోసుకుపోవచ్చు, మోకాలి లోతు నీళ్ళల్లోనూ పోతుంది, చెరువులో ఒంటరిగా వల వేసేవాడికి దాన్ని మించింది లేదు. గాలికి ఎదురు మాత్రం పోలేదు, తెడ్డు వేసే చెయ్యి అలవాటైంది కాకపోతే అక్కడే గిరగిరా తిరుగుతుంది. థర్మాకోల్ తెప్ప మునగదు గానీ దాని మీద పిల్లలకు పట్టుకునే అంచు ఉండదు.

చివరికి తీసుకున్నది చూడ్డానికి అందంగా ఉండదు. అడుగు చదును, ముక్కు మొండి, పొడవుకు తగనిదనిపించే వెడల్పు. చదును అడుగు అలల మీద దబదబా కొట్టుకుంటుంది, కాబట్టి దాన్ని నడి మానేరులోకి తీసుకుపోను. మోటారు లేదు, రెండు తెడ్లు, ఒక గడ. చెరువుల్లో తుంగ, గుర్రపు డెక్క పంకాకు చుట్టుకుంటాయి, గడకు చుట్టుకోవు. కూర్చునే పలకల కింద థర్మాకోల్ దిమ్మలు పెట్టి మూయించాను. ఫైబర్ నీటికన్నా బరువు, నిండితే మునుగుతుంది. నూరు లీటర్ల థర్మాకోల్ నీటిలో ఉంటే సుమారు నూరు కిలోల బరువును పైకి పట్టుకుంటుంది. నిండిన పడవ కూడా మునగకుండా ఉంటే మనిషి దాన్ని పట్టుకొని బతుకుతాడు. దాన్ని ఇద్దరం ఎత్తి ట్రాలీలో వేస్తాం. కోరుట్లలో, జగిత్యాల చుట్టుపక్కల చెరువుల్లో మా పిల్లలు తెడ్డు పట్టడం నేర్చుకున్నది దాని మీదే. ధర్మపురిలో వానలు పడ్డాక గోదావరిలో మాత్రం దింపను, ఆ ప్రవాహానికి తెడ్డు చాలదు. వరదవెల్లి గుట్టకు పెద్ద పడవే పోతుంది, నలుగురిని పిలిచి తోయించాల్సి వచ్చినా సరే.

మీరూ చిన్న పడవ కొనే ఆలోచనలో ఉంటే డబ్బు కట్టకముందు దాన్ని లోతు తక్కువ నీళ్ళల్లో దింపించండి. మీ ఇంటివాళ్ళందరినీ జాకెట్లు వేసి ఎక్కించి, ఒక్క పక్కకు జరిగి కూర్చోమనండి. అంచు నీటికి ఎంత దగ్గరకొచ్చిందో మీ కళ్ళతో చూడండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే ఆ పడవ కొనకండి.