తెల్లగా వదిలిన సందు

కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న అమ్మ వీపును ఎన్నిసార్లు గీశానో! చీర మడతలు, జడముడి, జాకెట్టు కుట్లు అన్నీ వచ్చేవి. ఆ వంపు మాత్రం వచ్చేది కాదు.

చిత్రకారుడు మతీస్ 1952లో చేసిన ‘బ్లూ న్యూడ్స్’ బొమ్మల్ని ఒక పుస్తకంలో చూశాక నా చెయ్యి మారింది. 1941లో పొట్టకు పెద్ద ఆపరేషన్ జరిగాక ఎక్కువకాలం చక్రాల కుర్చీలో, మంచం మీద గడిపిన మనిషి ఆయన. సహాయకులు గవాష్ రంగు పూసిన కాగితాన్ని 82 ఏళ్ల వయసులో కత్తెరతో కోసి ఒంటిని కట్టాడు. తొడకీ పిక్కకీ నడుమ తెల్లగా వదిలిన సందు ఉంటుంది చూడండి, మోకాలు మడత పడింది అక్కడే. గీత లేదు, నీడ లేదు. ఆ ఖాళీయే కీలు.

నేనూ కాగితం కోశాను. చేతులు తీసేశాను, మెడ తీసేశాను. ముఖం తీసేయడానికి మనసొప్పక రెండు రోజులు ఆగాను. చివరికి మిగిలినవి ఒక నెలవంక, ఒక గుమ్మడిగింజ, ఒక వంకర కర్ర. వాటి మధ్య ఎడం వెంట్రుకంత జరిగితే చాలు, అలసిన మనిషి కాస్తా నిద్రపోతున్న మనిషి అయిపోతుంది.

అమ్మ వచ్చి చాలాసేపు చూసింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని, కర్ర వంగిన చోటు చూపిస్తూ, “ఇక్కడేరా నాకు నొప్పి” అంది.