మా గల్లీ పిలుపు

2014 ఆగస్టు 19న తెలంగాణ మొత్తం ఇండ్లల్లోనే ఉంది. సమగ్ర కుటుంబ సర్వే. బస్సులు నడవలేదు, దుకాణాలు తెరవలేదు. బొంబాయి, భీవండి, సూరత్‌ల నుంచి కూడా మనుషులు రైళ్లెక్కి సొంతూళ్లకు వచ్చారు. ఆ రోజు లెక్కలో లేనివాళ్లకు రేపు రేషన్ ఉండదు, పింఛను ఉండదు అన్న మాట ఊరూరా పాకింది. అప్పటికి నా భర్త పోయి ఏడాది కూడా కాలేదు. వరంగల్‌లో లేబర్ కాలనీ దాటాక ఒక గల్లీలో, వెనకవైపు రేకుల గదిలో, ఇద్దరు పిల్లలతో కిరాయికి ఉంటున్నాను.

సర్వేకు ముందే ఇంటింటికీ స్టిక్కర్లు అంటించి పోయారు. మా ఓనరు తన తలుపుకు ఒకటి అంటించుకుని, వెనక ఎవరూ లేరని చెప్పి పంపాడు. కిరాయికి ఉన్నవాళ్ల పేర్లు రాయిస్తే ఇల్లు చేజారుతుందేమోనని ఆయన భయం. "నీ అత్తగారి ఊరికి పోయి రాయించుకోరాదు?" అన్నాడు. నర్సంపేట దగ్గర మా అత్తగారి ఊరు. అక్కడ మా బావగారు అంతకుముందే తేల్చి చెప్పాడు, వాళ్ల లెక్కలో నేనూ పిల్లలూ ఉంటే రేపు భూమి పంచమంటామని. అంటే ఆ రోజు తెలంగాణలో అందరికీ ఒక ఇల్లుంటే, మాకు మాత్రం లేదు.

పొద్దున్నే గేటు ముందు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆ గల్లీ పొదుపు సంఘం లీడరు, ఆమెతో పాటు మరో ఇద్దరు. నేను అప్పటికి ఆ సంఘంలో సభ్యురాలిని కాదు. నల్లా దగ్గర బిందెల వరుసలో తప్ప వాళ్లకూ నాకూ మాటల్లేవు. కానీ ఓనరు ముందురోజు నా మీద గట్టిగా అరిచిన మాటలు గల్లీ అంతా విన్నది. ఎన్యూమరేటరుగా వచ్చిన పంతులు ముందు ఇంటి కాగితం నింపి వెళ్లిపోబోతుంటే లీడరక్క అడ్డం నిలబడింది.

"సారూ, గీడ ఇంకో పొయ్యి ఉన్నది. పొయ్యి ఏరున్నప్పుడు కుటుంబం ఏరే కదా?"

ఆయన వెనక్కి వచ్చి చూశాడు. పొయ్యి ఉంది. దాని మీద అన్నం ఉడుకుతోంది. సంచిలోంచి ఇంకో ఫారం తీసి, "కుటుంబ యజమాని పేరు?" అని అడిగాడు. నేను అలవాటు కొద్దీ చచ్చిపోయిన మనిషి పేరు చెప్పబోయాను. లీడరక్క నా పేరు చెప్పింది. ఆ గల్లీలో నా పేరు గట్టిగా పలికిన మొదటి మనిషి ఆమె. అప్పటిదాకా నేను 'వెనక రూములామె'ను.

నా భర్త ఎనుమాముల మార్కెట్లో హమాలీ. కామెర్లు ముదిరి, నలభై నిండకుండానే పోయాడు. దవాఖాన ఖర్చుకు గిరిగిరి వాళ్ల దగ్గర తెచ్చిన అప్పు నా మీద పడింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. గిరిగిరి అంటే పొద్దున పైసలిచ్చి, ఆ మరుసటి రోజు నుంచే రోజువారీ కిస్తు వసూలు చేసుకునే వ్యాపారం. సైకిల్ మోటారు చప్పుడు వినపడితే పిల్లలు తలుపు వేసేవాళ్లు. నేను మార్కెట్ దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. కూలీ తీసినంతకే, కిలోల లెక్కన. సాయంత్రానికి వేళ్లు మండి, చంటివాడి ముఖం తుడవాలన్నా చెయ్యి ఆనించలేని పరిస్థితి. ఆ పనిలో మా గల్లీ ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు ఈ వాడకట్టులో ఎన్నో ఇండ్లకు అన్నం పెట్టింది. మిల్లు మూతపడ్డాక మగవాళ్లు ఏ పని దొరికితే ఆ పనికి పోయారు, ఆడవాళ్లు బీడీలకూ మిరపకాయలకూ మళ్లారు. లీడరక్క మామగారు మిల్లు కార్మికుడే. యూనియన్ మీటింగులకు పోయిన ఇంటి కోడలు కాబట్టే ఆమెకు ఆఫీసరు ముందు నిలబడి మాట్లాడే ధైర్యం వచ్చిందని నేననుకుంటాను.

సర్వే అయిన రెండు మూడు వారాలకు ఆమే అడిగింది, సంఘంలో చేరతావా అని. చేరడం అంత తేలిక కాదు. పాత సంఘంలోకి కొత్త మనిషి వస్తే, మిగతావాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపులో తలా ఎంత ఉందో అంత తనూ కట్టాలి. నా దగ్గర అంత ఎక్కడిది? పైగా బ్యాంకు లింకేజీ అప్పు అందరి పేరు మీద కలిపి ఉంటుంది, ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్లు కట్టాలి. కిరాయి ఇంట్లో ఉండే, మొగుడు లేని, అప్పులున్న మనిషిని చేర్చుకోవడమంటే వాళ్ల మెడకు తాడు తగిలించుకోవడమే. మీటింగులో ఇద్దరు ఆ మాటే అన్నారు. వాళ్లది తప్పని నేను అనను. చివరికి పాత పొదుపు నెలనెలా కొంచెం కొంచెం కట్టుకొమ్మని తీర్మానం రాశారు. నాకు చేతనైన నాలుగు అక్షరాలతో తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టాను. మొదటి అప్పు రాగానే గిరిగిరి అతని బాకీ తీర్చేశాను. ఆ రోజు నాతో పాటు సంఘంలోని నలుగురు వచ్చి, పైసలు అతని చేతిలో పెట్టించి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని నా ముందే చింపారు.

ఇక్కడ సర్కారు పాత్ర తక్కువ చేసి చెప్పలేను. పట్టణాల్లో సంఘాలను చూసేది మెప్మా. 2007లో పెట్టారు. మా వాడకు ఒక ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్, ఉండేది, ఇంటర్ చదివిన చిన్నపిల్ల. తెల్లకార్డు ఇంట్లో సంపాదించే మనిషి అరవై ఏండ్లలోపు చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు వస్తాయని ఆ పిల్ల చెప్తేనే నాకు తెలిసింది. 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. అంతకు ముందు 200 ఉన్న వితంతు పింఛను 1,000 అయింది, 2019లో 2,016 అయింది. దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు ఒక్కొక్కటీ ఒక్కో చోట. కూలీ పోగొట్టుకుని లైనులో నిలబడాలి. నేను లైనులో ఉన్న రోజుల్లో నా పిల్లలు ఎవరో ఒకరి ఇంట్లో తినేవాళ్లు. ఎవరింట్లో తిన్నారని అడిగితే "గా బీడీలత్త ఇంట్ల" అనేవాడు మావాడు. చుట్టరికం లేని మనిషిని వాడు అత్త అని పిలుస్తున్నాడని అప్పుడే గమనించాను.

పింఛను పైసలు తక్కువని నాకూ తెలుసు. పిల్లల ఫీజులకే చాలవు. అయినా తన పేరు మీద బ్యాంకులో నెలనెలా పైసలు పడే ఆడమనిషిని ఇంట్లోవాళ్లు గానీ ఓనర్లు గానీ ఈజీగా తీసిపారేయలేరు. ఇది నేను నా కళ్లతో చూశాను. మా అత్తగారు కూడా ఆ తర్వాతే నా ఇంటికి వచ్చి రెండు రోజులుండి పోయింది.

కానీ పింఛను తీసుకురాలేనిది ఒకటుంది. అది పిలుపు.

పెళ్లికి పిలవడానికి ఆడవాళ్లు కుంకుమ భరిణెతో ఇల్లిల్లూ తిరిగి, బొట్టు పెట్టి చెప్తారు. మా గడప ముందుకు వచ్చేసరికి భరిణె కొంగు చాటుకు పోయేది. "పెండ్లికి రా" అని నోటితో ఓ మాట అనేసి వెళ్లేవాళ్లు. కొందరు అది కూడా అనేవాళ్లు కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ నేను పూలు తెచ్చి పేర్చి నా బిడ్డ చేతికిచ్చి పంపేదాన్ని, నేను గుమ్మంలో ఉండిపోయేదాన్ని. ఆడొద్దని ఎవరూ అనలేదు. ఆట అయ్యాక పసుపు కుంకుమలు ఇచ్చుకుని వాయినం తీసుకునే సమయం ఉంటుందే, అప్పుడు ఎక్కడ నిలబడాలో తెలియక వెళ్లేదాన్ని కాదు.

ఒకసారి ఆర్పీ నన్నూ మరి కొందరినీ కాజీపేటకు తీసుకెళ్లింది. అక్కడ బాలవికాస అనే సంస్థ ఉంది. మన ఆడబిడ్డ బాల థెరిసా, కెనడా మనిషైన ఆమె భర్త ఆండ్రె జింగ్రాస్ కలిసి 1991లో మొదలుపెట్టారు. ఊళ్లలో పొదుపు సంఘాలు, తాగునీటి ప్లాంట్లు, చెరువుల పూడికతీత చేస్తారని పేరు. ఆ రోజు భర్తలు పోయిన ఆడవాళ్ల సభ. హాలు నిండా మనుషులు. అంతమంది నాలాంటివాళ్లను ఒక్కచోట అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల నుంచి కర్ర పట్టుకుని వచ్చిన అవ్వ దాకా ఉన్నారు. కొందరు నుదుటి దాకా కొంగు లాక్కుని కూర్చున్నారు. భర్త పోయిన పదకొండో రోజు ఎవరెవరికి ఏమేం జరిగిందో ఒక్కొక్కరు లేచి చెప్పారు. గాజులు పగలగొట్టేటప్పుడు చెయ్యి తెగిన మనిషి ఆ మచ్చ చూపించింది. నిద్రపోతున్న బిడ్డను పక్కన పెట్టి, నడిరాత్రి తనను చెరువు గట్టుకు తీసుకెళ్లారని ఇంకొకామె చెప్పింది. ఒక పెద్దామె మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పుస్తె ఆయన కట్టిండు, మెట్టెలు ఆయన పెట్టిండు. బొట్టు మాత్రం మా అమ్మ పెట్టింది, నేను ఉయ్యాలల ఉన్నప్పుడే. ఆయన పోతే మా అమ్మ పెట్టింది ఎందుకు పోవాలె?"

ఆ తర్వాత ఒకరికొకరు బొట్లు పెట్టుకున్నారు, గాజులు తొడుక్కున్నారు. చాలామంది ఏడ్చారు. కొందరు బొట్టు పెట్టించుకుని బస్సెక్కే ముందే తుడిచేసుకున్నారు. ఊళ్లో ఎవరేమంటారోనని. వాళ్లకు ధైర్యం లేదని నేనెన్నడూ అనుకోలేదు. సభ ఒక్కరోజుతో అయిపోతుంది, ఊళ్లో రోజూ బతకాలి. చుట్టుపక్కల నాలుగు ఇండ్లు ఒప్పుకుంటేనే ఆ బొట్టు నిలబడుతుంది.

నాకు ఆ నాలుగు ఇండ్లు దొరికాయి. మాఘమాసంలో లీడరక్క బిడ్డ పెండ్లి. పిలుపులకు ఆమె వస్తుంటే దూరం నుంచి చూసి, ఆమెకు ఇబ్బంది ఎందుకని నేను లోపలికి పోయాను. ఆమె గడప దగ్గరే నిలబడి పిలిచింది. "నాకెందుకక్కా, నోటితో చెప్తే సాలదా" అన్నాను.

"నోటితోని బయటోళ్లకు చెప్త. ఇటు రా." బొట్టు పెట్టింది. పక్కనున్న వాళ్ల ఆడపడుచు ముఖం తిప్పుకుంది.

పెండ్లికి ముందు పసుపు దంచేటప్పుడు అసలు గొడవ వచ్చింది. ఐదుగురు ముత్తైదువలు రోకలి పట్టుకున్నారు. లీడరక్క నన్ను కూడా రమ్మంది. అబ్బాయి తరఫు వాళ్లెవరో గొణిగారు, ఒకామె రోకలి వదిలేసింది. లీడరక్క అత్తగారు మంచంలో కూర్చుని అంతా చూస్తోంది. ఆమెకూ భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె లేచి వచ్చి, ఆ వదిలేసిన చోట తనే రోకలి పట్టుకుని, నన్ను పక్కకు పిలిచింది. "మన చేతులు పడితే పసుపు చేదైతదా? మిర్చి తొడిమలు తీసిన చేతులు ఇవి, ఇంటిల్లిపాదిని సాదిన చేతులు" అన్నది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఆ పెండ్లి అయిన అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చల్లగా ఉన్నారు.

ఇలాంటి మార్పు కోసం ప్రయత్నాలు కొత్తవి కావు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారని నా బిడ్డ పాఠం చదువుతుంటే విన్నాను. 2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్లకు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం ఇక మా ఊళ్లో ఉండదని తీర్మానం చేసింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం కూడా మిగతా ఊళ్లను అదే దారి పట్టమంది. టీవీలో చూసి మా మీటింగులో చెప్పాను. మన దగ్గర ఎన్నో కులాల్లో మారుమనువు ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ పెండ్లి చేసుకోకుండా, పిల్లలను పెంచుకుంటూ ఉండిపోయిన ఆడదానికి గౌరవంగా ఒక చోటు చూపించడం ఇంకా చాలా ఇండ్లకు రాలేదు.

మా పొదుపు సంఘాల్లో కూడా లోపాలున్నాయి. నెలనెలా పొదుపు కట్టలేని మనిషి ఎప్పటికీ బయటే ఉంటుంది. ఏడాదికోసారి కిరాయి ఇల్లు మారేవాళ్లను ఏ గల్లీ సంఘమూ నమ్మి చేర్చుకోదు. అరవై దాటిన వాళ్లకు బ్యాంకు అప్పులో చోటు దొరకడం కష్టంగా ఉండేది. మా సంఘంలో ఇద్దరు అవ్వలకు అప్పు లేకపోయినా మీటింగుకు వచ్చి కూర్చునే హక్కు ఉండాలని నేను పట్టుబట్టి తీర్మానం రాయించాను. అప్పటికి సంఘం పుస్తకాలు రాసేది నేనే.

2023 జూలై 27న కురిసిన వాన వరంగల్, హనుమకొండ వాళ్లెవరూ మరచిపోరు. పక్కన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగి జనం డాబాలెక్కారు. మన నగరంలో లోతట్టు కాలనీలన్నీ నీళ్లలోనే. రెండు రోజుల తర్వాత భద్రకాళి చెరువు కట్ట కూడా తెగింది. మా సంఘం ఆడవాళ్లం తలా కొంచెం బియ్యం పోసుకుని పులిహోర కలిపి, పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడ ఒకామె మూలకు కూర్చుంది. భర్త లేడు, పెండ్లీడు బిడ్డ ఉంది. ఆధార్, పింఛను కాగితాలు, పాసుబుక్కు అన్నీ నీళ్లపాలు. అన్నం కంటే కాగితాల గురించే ఆమెకు ఎక్కువ దిగులు. ఆమె వివరాలు నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. తర్వాతి వారం ఆమెతో కలిసి ఆఫీసులకు తిరిగాను, కాగితాలన్నీ మళ్లీ వచ్చాయి. ఇప్పుడామె మా పక్క గల్లీ సంఘంలో సభ్యురాలు.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు నాది ఒకటే మనవి. మీ ఇంట్లో శుభకార్యం ఉండి పిలుపులకు బయలుదేరినప్పుడు, మీ వాడలో భర్త లేని మనిషి గడప దాటి వెళ్లిపోకండి. కుంకుమ భరిణె కొంగు చాటుకు తీయకండి. బొట్టు పెట్టి పిలవండి, అట్లాగే పింఛను వస్తున్నదా అని అడగండి. రాకపోతే ఒక పూట పని మానుకుని ఆమె వెంట ఆఫీసుకు వెళ్లండి.