ఎడిటరమ్మ ప్రశ్నలు

మా అత్తయ్యగారి జ్ఞాపకాల పుస్తకం ఇంగ్లీషులో అచ్చయినప్పటి నుంచీ ఇక్కడి మన తెలుగువాళ్ళు నన్నడిగే ప్రశ్న ఒకటే. "తెలుగులోంచి ఇంగ్లీషులోకి మీరే చేశారు. పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉద్యోగం చేస్తున్నారు. మళ్ళీ డబ్బులిచ్చి ఎడిటర్‌ని పెట్టుకోవడం ఎందుకండీ?" కొందరు ఇంకాస్త సూటిగా, "ఎంతయిందేమిటి?" అంటారు. రెండింటికీ ఇక్కడే జవాబు చెప్పేస్తాను.

అత్తయ్యగారు తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, టీచరుగా రిటైరయ్యారు. ఆరు నోటు పుస్తకాల నిండా, ముత్యాల్లాంటి అక్షరాలతో, తన చిన్నతనమంతా రాసిపెట్టారు. మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు (ఆకలేసినప్పుడు మరీ బాగా వస్తుంది), చదవడం రాదు. ఆవిడకి 83 ఏళ్ళు. మనవలు ఏదైనా అడిగితే చెప్పడానికి ఆవిడ ఉండగానే ఆ పుస్తకం వాళ్ళ చేతుల్లో పెట్టాలని మావారి ఆరాటం. రెండు చలికాలాలు కూర్చుని 58,000 మాటల రాతప్రతి తయారుచేశాను.

ఎడిటింగ్ అంటే ఒకటే పని కాదు. ఏ అధ్యాయం ముందుకు రావాలి, కథ ఎక్కడ సాగలాగుతోంది అని చూసేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. వాక్యం వాక్యం పట్టుకుని వ్యాకరణం, స్పెల్లింగులు, పేర్లు, తేదీల పొంతన చూసేది కాపీ ఎడిటింగ్. పేజీలు అచ్చుకి సిద్ధమయ్యాక మిగిలిపోయిన తప్పులు ఏరేది ప్రూఫ్ రీడింగ్. దేని రేటు దానిదే. 1970లో మొదలైన ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్ అనే సంఘం ఏ పనికి మామూలుగా ఎంత తీసుకుంటారో పట్టిక వేసి ప్రకటిస్తుంది. ఈ వృత్తిలో పేజీ అంటే 250 మాటలు. మన ఫాంటు ఎంత పెద్దదైనా అంతే. ఆ లెక్కన నాది 232 పేజీలు.

ముగ్గురికి ఒకే వెయ్యి మాటల భాగం పంపి, నమూనాగా సరిచేసి చూపించమన్నాను. ఒకరు మర్నాటికే పంపించేశారు. అందులో మా అత్తయ్యగారు పాత ఇంగ్లీషు నవల్లో దొరసానిలా మాట్లాడుతున్నారు! రెండోవారు కామాలు దిద్ది ఊరుకున్నారు. మూడో ఆవిడ దిద్దింది తక్కువ, అడిగింది ఎక్కువ. వెయ్యి మాటలకి పందొమ్మిది ప్రశ్నలు. ఆవిడకే పని ఇచ్చాను. మాటకి మూడు సెంట్లు, మొత్తం 1,740 డాలర్లు, సగం ముందు, సగం పని పూర్తయ్యాక. మావారు దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని కాసేపు మాట్లాడలేదు.

నిజానికి ఇది మనకి కొత్తేమీ కాదు. సి.పి. బ్రౌన్‌గారు కడపలో సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి, తెలుగు కావ్యాల ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి, సరిచేయించారు. అలాంటి పని చేసేవారిని మనం పరిష్కర్త అంటాం. ఎడిటర్ కన్నా నాకు ఆ మాటే బాగుంటుంది.

ఇంతకీ ఆవిడ ప్రశ్నలు. మొదటిది: "ఈ పుస్తకంలో ఆంటీలు ఎంతమంది? 12వ పేజీలో పోయిన ఆంటీ 15వ పేజీలో గారెలు వండుతోంది." పెద్దమ్మ, పిన్ని, మేనత్త, మేనమామ భార్య, అందరూ ఇంగ్లీషులో ఒకే మాటలోకి దూరిపోయారు మరి. తెలుగు వరసలే ఉంచేసి, పుస్తకం మొదట్లో ఒక వంశవృక్షం వేద్దామని ఆవిడే సలహా ఇచ్చారు. ఎంగిలి దగ్గర ఇంకో పేచీ. "గ్లాసులో నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కదా, బామ్మ ఎందుకు పారబోసింది?" అని మార్జిన్‌లో రాశారు. మా చిన్నవాడు కూడా అదే అడుగుతాడని తోచి రెండు వాక్యాలు చేర్చాను.

మధ్యలో ఒక మాట, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ కోసం. మా మేనల్లుడు తన థీసిస్ కూడా ఆవిడకే ఇస్తానన్నాడు. ముందు మీ గైడు నుంచి అనుమతి రాయించుకు రమ్మన్నారు ఆవిడ. భాష, ఫుట్‌నోట్లు, ఉపయుక్త గ్రంథాల పట్టిక చికాగో మాన్యువల్ పద్ధతిలో సరిచేస్తాను గానీ వాదన జోలికి రాను, అది నీ పరీక్ష అన్నారు. అలా ముందే గిరి గీసుకునే మనిషి దొరికితే వదులుకోవద్దు. అన్నీ నేనే రాసిపెడతాననే వాళ్ళ దగ్గరికి పిల్లల్ని పోనివ్వద్దు.

నన్ను ఆపేసిన ప్రశ్న మాత్రం ఒకటే మాట. అత్తయ్యగారు రాసింది ఇది: 1955లో థర్డ్ ఫారంలో ఉండగా చదువు మానిపించారు. తెలుగులో ఎంత హాయిగా ఉంది! కర్త లేడు, ఎవరినీ నొప్పించలేదు. ఇంగ్లీషులో 'దే' అని పెట్టాను. పక్కన ఆవిడ రాశారు: "ఎవరు?"

ఇండియాకి ఫోన్ చేసి అడిగాను. అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకులే అమ్మాయ్," అని పెట్టేశారు. ఈ సంగతి ఎడిటర్‌కి రాస్తే, "పేరు చెప్పకుండా కూడా వాక్యం కట్టవచ్చు, ఇదిగో రెండు రకాలు. ఏది ఉండాలో ఆవిడ ఇష్టం. తొందరలేదు," అని జవాబిచ్చారు.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు.

"మా నాన్నగారికి నేను చదవడం ఇష్టమేనమ్మా. అమ్మే వద్దంది. ఊళ్ళో అందరూ ఆయన్నే అన్నారు. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు."

"మరి ఎలా రాయమంటారు అత్తయ్యా?"

"అమ్మ అనే రాయి. కానీ అప్పటికి తనకి ముప్పై ఏళ్ళేనని, చంకలో నెలల పిల్లాడున్నాడని, ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదని కూడా రాయి."

ఆ సంగతులు ఆరు నోటు పుస్తకాల్లో ఎక్కడా లేవు. ఇప్పుడు పుస్తకంలో 41వ పేజీలో ఉన్నాయి. మా పెద్దమ్మాయి ఆ పేజీ చదివిన రాత్రి నానమ్మకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది, వచ్చీరాని తెలుగులోనే. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు.