పాత పెట్టె వాసన, పసివాడి బట్టలు

మన ఇళ్లలో అటక మీద ఒక పాత చెక్కపెట్టె ఉంటుంది. తాతగారు చుట్టలు దాచుకున్నదో, సిగార్లు దాచుకున్నదో అయి ఉంటుంది. మూత తీయగానే పొగాకు ఘాటు, దానితో కలిసి ముక్కిపోయిన వాసన ముఖాన కొడతాయి. ఆ వాసన పోయే ఉపాయం చెప్పమని నన్ను అడిగినవారున్నారు. అయితే దానికి ముందు, ఒకప్పుడు నేను చెప్పిన తప్పుడు ఉపాయాన్ని మీతో పంచుకోవాలి.

1980లలో నేను బోధన్ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిని. 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం అప్పుడు నిండుగా నడుస్తోంది. సీజనులో చెరకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి. నాకు పరిచయమున్న ఒక ఇంటి పెద్దాయన సిగార్లు తాగేవారు. ఆయన పోయాక మిగిలిన నగిషీ పెట్టెను చూపి, ఆ ఇంటి ఇల్లాలు వాసన ఎలా పోతుందని అడిగారు. "నాలుగు డాంబరు గోలీలు వేసి మూత పెట్టండమ్మా" అన్నాను. కోస్తావారు కలరా ఉండలంటారే, అవే నాఫ్తలీన్ ఉండలు. పెట్టెలో ఏం దాచబోతున్నారని నేను అడగలేదు.

కొన్ని నెలలకు వారి కూతురు పురిటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. మూడోనాటికి కళ్లు పచ్చబడ్డాయి. చాలామంది శిశువులకు వచ్చే మామూలు కామెర్లే అనుకున్నాను. మరునాటికి బిడ్డ తెల్లగా పాలిపోయాడు, పాలు తాగడం మానేశాడు. హైదరాబాదు తీసుకువెళ్లారు, వెంట నేనూ వెళ్లాను. అక్కడ రక్తం మార్చవలసి వచ్చింది. పిల్లల వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "బట్టల్లో నాఫ్తలీన్ వేశారా?" అని. "ఏసినం సారూ, మా డాక్టర్ సాబే చెప్పిన్రు" అన్నారామె. ఆ మాటలో నిందలేదు, నమ్మకమే ఉంది. నేను తలెత్తలేకపోయాను. బిడ్డ లంగోటీలు, టోపీలు ఆ పెట్టెలోనే దాచారు.

జరిగినదేమిటంటే, కొందరికి పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఇది ఎక్కువగా మగపిల్లలలో బయటపడుతుంది. నాఫ్తలీన్ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరై బట్టలకు, చెక్కకు పడుతుంది. శ్వాస ద్వారా, చర్మం ద్వారా బిడ్డ ఒంటిలోకి చేరుతుంది. ఈ ఎంజైము లోపం ఉన్నవారిలో అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. ఆ పచ్చదనం మితిమీరితే మెదడుకే ముప్పు. వినికిడి పోవచ్చు. ఆ బాబు అదృష్టవశాత్తు ఏ లోపమూ లేకుండా పెరిగాడు.

ఇక సరైన పద్ధతికి వద్దాం. సిగార్ల పెట్టెలు తేమను పట్టి ఉంచేందుకే తయారవుతాయి. లోపల గాలిలో తేమ 70 శాతం దగ్గర నిలపాలని చూస్తారు. లోపలి పలక తరచుగా స్పానిష్ సీడర్. పేరు అలా ఉన్నా అది దేవదారు జాతి కాదు, మన వేప కుటుంబపు చెట్టు. తేమను పీల్చే ఆ చెక్క వాసననూ పీల్చుకుంటుంది. మూసి ఉంచితే బూజూ పడుతుంది. కనుక పైన మరొక ఘాటు పూస్తే లోపలి వాసన కప్పబడుతుందే తప్ప పోదు.

ముందుగా పెట్టెను ఆరుబయటకు తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొగాకు పొడిని, బూజును మెత్తని బ్రష్షుతో దులపండి. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవండి. నీళ్లు పోయవద్దు, చెక్క ఉబ్బి అతుకులు విడతాయి. ఫినాయిలు, సబ్బుపొడి, అత్తరు వద్దు, వాటి వాసననూ చెక్క దాచుకుంటుంది. మూత తెరిచి గాలి ఆడే నీడలో కొన్ని రోజులు ఉంచండి. లేత ఎండ మంచిదే, మండుటెండలో పలక బీటలు వారుతుంది. బాగా ఆరాక ఒక గిన్నెలో వంటసోడా గాని, గుడ్డలో మూటకట్టిన కట్టెబొగ్గు గాని లోపల పెట్టి మూయండి. వారానికొకసారి మార్చండి. లోపల వార్నిషు లేని దళసరి చెక్కయితే సన్నని గరుకు కాగితంతో పైపొరను తేలికగా రుద్దవచ్చు. వారాలు పడుతుంది, ఓపిక కావాలి. అప్పటికీ వాసన మిగిలితే ఆ పెట్టెలో కాగితాలో, పనిముట్లో పెట్టుకోండి. తినే వస్తువులు, పసిపిల్లల బట్టలు మాత్రం వద్దు.

ఒకసారి నాఫ్తలీన్ వేసిన పెట్టెకూ ఇదే నియమం. బాలింత చీరలకూ, ఊయల గుడ్డలకూ ఆ ఉండలు తగలనీయకండి. పసివాడికి కామెర్లు కనబడి, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇంట్లో నాఫ్తలీన్ వాడితే అడగకపోయినా వైద్యుడికి చెప్పండి.

నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టే తల్లులకు మరొక మాట. పొగాకు వాసనకు మన ముక్కు అలవాటుపడుతుంది, బిడ్డ శరీరం అలవాటుపడదు. తునికాకు, పొగాకు ఉన్న చాటను ఊయలకు దూరంగా పెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కుని బిడ్డను ఎత్తుకోండి.

ఇప్పటికీ ఎవరైనా పెట్టె వాసన గురించి అడిగితే నా నోట ముందు వచ్చేది ఉపాయం కాదు. "అందులో ఏం పెడతారమ్మా?" అని అడుగుతాను.