చంద్రపూర్ నుంచి చెల్లెకు

బల్లార్షా, ఆదివారం

చెల్లె,

సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక అంతా అడవే. వార్ధా నది మీద రైలు చప్పుడు మారిందంటే బల్లార్షా వచ్చినట్టే. స్టేషన్ బోర్డు మరాఠీలో ఉన్నా, చాయ్ అమ్మే అతను నన్ను చూడగానే తెలుగులో పలకరించాడు. బొగ్గు బావుల పనికి మనవాళ్లు ఎప్పుడో వచ్చి ఇక్కడ పాతుకుపోయారు కదా. ఎండ సంగతి అడగకు, చిన్నాయన ఇంట్లో కూలర్ ముందు నుంచి లేవబుద్ధి కావడం లేదు.

నీ బిడ్డ నర్సింగ్ చదువు సంగతి మర్చిపోలేదు. మరదలూ నర్సే కదా, రాత్రి డ్యూటీ నుంచి రానీ, అడిగి రాస్తా.

చంద్రపూర్, మంగళవారం

చెల్లె,

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. 2021 నిబంధనల నుంచి ఎనిమిది సెమిస్టర్లు చేశారు, చివరి దాంట్లో 22 వారాలు ఇంటర్న్‌షిప్. ఇక్కడ పరీక్షలు నాసిక్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పెడుతుంది, మన దగ్గర వరంగల్ కాళోజీ వర్సిటీ. ఎక్కడ చేరినా నాలుగేళ్లే, నియమాలు ఢిల్లీలోని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌వి.

చిక్కంతా హాజరు దగ్గరుంది. పరీక్ష రాయడానికి 80 శాతం చాలు. కానీ డిగ్రీ చేతికి రావాలంటే వార్డుల్లో ప్రాక్టికల్ నూటికి నూరు పూర్తి కావాలి. పెళ్లికని మానేసిన డ్యూటీ తర్వాతైనా చేసి తీరాలి. ఎంత వెనకబడ్డా ఎనిమిదేళ్లలోపు ముగించాలి. ప్రతి పండక్కీ బిడ్డ ఇంట్లో ఉండాలనే బావకు ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

జీఎన్ఎం డిప్లొమా మూడేళ్లే, ఏడాది కలిసొస్తుందని బావ అన్నాడు కదా. మరదలు చదివింది అదే. ఇంటర్‌లో సైన్స్ లేనివాళ్లకు మంచి దారి. అయితే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాయాలంటే జీఎన్ఎం వాళ్లకు యాభై పడకలైనా ఉన్న ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. బీఎస్సీ వాళ్లకు ఆ షరతు లేదు. పోనీ డిగ్రీయే చేద్దామంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్లు. ఎటు లెక్కేసినా ఐదు. మరదలికైతే మధ్యలో ఉద్యోగం, పెళ్లి, బాబు, అన్నీ అయ్యాకే డిగ్రీ వచ్చింది. ఆ ఏళ్లన్నీ ఇల్లు నడిచింది ఆమె జీతంతోనే కనక, దండగైన కాలమని నేననను. మీకు జీతం అంత తొందర కాదు, బిడ్డది బైపీసీ. నేరుగా బీఎస్సీలోనే చేర్చు.

సాయంత్రం జట్‌పురా గేటు దాకా నడిచాను. గోండు రాజుల కోటగోడ, కిందనుంచి ఆటోలు, హారన్లు. మహాకాళి గుడిలో బిడ్డ పేరున కొబ్బరికాయ కొట్టాను. చైత్రంలో జాతరకు మన వైపు నుంచి కూడా జనం వస్తారట. ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2015లో వచ్చింది. అది చూశాక బిడ్డను చిన్నాయన ఇంట్లో ఉంచి ఇక్కడే చదివిద్దామా అనిపించింది. మరదలు వద్దంది. చదివిన రాష్ట్రంలో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, తెలంగాణలో ఉద్యోగానికి అక్కడ మళ్లీ నమోదు చేయించుకోవాలట. పైగా ఇక్కడి ప్రవేశ పరీక్ష వేరు.

కాబట్టి వరంగల్ కౌన్సెలింగ్ ప్రకటన కోసం చూస్తుండండి. డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలన్న నియమం ఉంది, పదో తరగతి మెమోలో పుట్టినతేదీ సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూడమను.

మీ అన్న